ఉడకబెట్టిన స్వెట్టరు

గత నెల మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెదనాన్న కొడుకు పాత ఫొటో ఒకటి పెట్టాడు. పెదనాన్న కొత్త ఇల్లు కట్టి పాలు పొంగించిన రోజుది. ఫొటోలో ఆడవాళ్లందరూ పట్టుచీరల మీద ఊలు స్వెట్టర్లు తొడుక్కుని, వరసగా నిలబడి, అప్పుడే ఏదో మంచుకొండ ఎక్కి దిగినవాళ్లలా గంభీరంగా చూస్తున్నారు. ముఖాల మీద మాత్రం చెమట కారుతోంది. "అప్పట్లో మన ఊళ్లో అంత చలి ఉండేదా?" అని వాడి కూతురు అడిగింది. గ్రూపంతా నవ్వు బొమ్మలు పెట్టింది. చివరికి మా అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "సలేటే! అది వైశాఖమాసం. ఇంట్లో స్వెట్టరుండి కూడా యేసుకోకపోతే లేదనుకోరేటి జనం?"

ఆ వాక్యం విన్నాక ఆ కాలం మీద ఇక ఎవరూ వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. అయినా నేను రాస్తున్నాను, ఎందుకంటే ఆ ఫొటోలో ఓ మూల, అరటిబోదె పక్కన, స్వెట్టరు లేకుండా ఒకే ఒక్క మనిషి నిలబడి ఉంది. మిగతా అందరి స్వెట్టర్లూ అల్లింది ఆవిడే. ఆవిడ మా దమయంతత్త.

మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్య, ఉద్దానంలో ఉంది. చుట్టూ కొబ్బరి, జీడిమామిడి. మాకు చలికాలం పనిమీద వచ్చిన చుట్టంలాంటిది. వచ్చినట్టే వచ్చి, కాఫీ తాగి, చెప్పులేసుకుంటుంది. పొద్దున్నే కాసింత మంచు, కొబ్బరాకుల మీంచి నాలుగు చుక్కలు, అంతే. అలాంటి చోట ఆడవాళ్లకి ఊలు పిచ్చి ఎలా పట్టిందో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. టెక్కలి ఆఫీసులకి బస్సులో వెళ్లే ఉద్యోగస్థురాళ్ల నుంచి అంటుకుందని అమ్మ అంటుంది. వాళ్లు పొద్దుటి బస్సులో స్వెట్టర్లతో కనిపించేవారు. ముందు బొత్తాలు, మోచేతి దాకా చేతులు, ఎద మీద రెండు జడలు అల్లినట్టు డిజైను. మెరూనూ, బిస్కెట్ రంగూ, నెమలిమెడ రంగూ. ఒక చలికాలం వాళ్లు వేసుకున్నారు, మరుసటి చలికాలానికి మా వీధి వేసుకుంది. ఆ పై ఏడాది చలికాలంతో పని లేకుండా పోయింది.

పైట స్వెట్టరు లోపలా, బయటా అన్నది ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఉద్యోగాలు చేసేవాళ్లు పైట లోపలికి పెట్టి బొత్తాలు వేసుకునేవారు, సంతకాలకి అడ్డు రాకుండా. ఇంట్లో ఉండేవాళ్లు చీర అంచు కనపడాలి కాబట్టి పైట బయటికి వేసేవారు. మా అమ్మ అప్పుడు అంగన్‌వాడీలో సగం రోజు పనిచేసేది. అందుకని ఊళ్లో ఉన్నంతసేపూ బయట, పలాస వెళ్లేటప్పుడు లోపల. బస్సు ఎక్కే ముందు ఆ మార్పు చేసుకోవడానికి నన్ను ఎదురుగా నిలబెట్టి చాటు చేసుకునేది. నా మొదటి ఉద్యోగం తలుపు.

ఇంట్లో పొద్దున్న నిద్ర లేచేది వాసనతోనే. పెదనాన్నకి పెరటి వెనక చిన్న జీడి బట్టీ ఉండేది. జీడిపిక్కలు కాల్చిన పొగ గొంతులో గీరుతూ ఇల్లంతా తిరిగేది, మధ్యాహ్నానికి దాని మీద వేడి పప్పు కమ్మదనం వచ్చి కూర్చునేది. పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడి అంటి నల్లగా ఉండేవి. కొబ్బరినూనె పట్టించి, బూడిదతో తోమి, మళ్లీ నూనె పట్టించినా ఆ నలుపు పూర్తిగా పోదు. పని అయ్యాక వాళ్లంతా మా అరుగు మీదకి చేరేవారు, అత్త దగ్గర అల్లిక నేర్చుకోవడానికి. అత్త ఊలు ఉండ ఒళ్లో దాచుకుని, ముందు అందరి అరచేతులూ తిప్పి చూసేది. నల్లగా ఉంటే చూడ్డమే తప్ప ముట్టుకోవడం లేదు. ఊళ్లో తహసీల్దారుకి కూడా అంత భయపడేవారు కాదు.

అత్త మా నాన్నకి చెల్లెలు. ఇచ్ఛాపురం అవతల ఒక ఊరికి ఇచ్చి పెళ్లి చేశారు. ఏడాది తిరక్కుండానే రేకు పెట్టెతో మా ఊరి బస్సు దిగింది. ఎందుకు వచ్చావని ఇంట్లో ఎవరూ అడగలేదు, వీధిలో ఎవరూ అడగడం మానలేదు. దాంతో అత్త వీధిలోకి వెళ్లడం తగ్గించి అల్లడం పెంచింది. ఆ అత్తవారింటి పక్కన ఉండే ఒడియా ఆవిడ దగ్గర నేర్చుకున్న విద్య అది. అక్కణ్ణుంచి తనతో తెచ్చుకున్న వాటిలో పనికొచ్చింది అదొక్కటేనని ఓసారి నవ్వుతూ అంది. ఇంట్లో అందరూ అత్తని బాగానే చూసేవారు. బాగా చూడటం అంటే, ఏ పని ఉన్నా ముందు ఆవిడ పేరే గుర్తొచ్చేది.

నాకు ఏడేళ్లు ఉండగా, టెక్కలిలో ఒక ఆడపిల్లల బడిలో కుట్లు, అల్లికలు నేర్పే టీచరు కావాలని తెలిసింది. హాస్టల్లో ఉండటానికి గది కూడా ఇస్తారట. స్వయంగా చేసిన వస్తువు ఒకటి పట్టుకుని రమ్మన్నారు. అత్త ఆ 'గది' అన్న మాటని ఎన్నిసార్లు అందో! అమ్మతో బియ్యం ఏరుతూ, "దానికి లోపల్నుంచి గెడుంటాది గదా వదినా?" అని అడిగింది. అమ్మ బియ్యం ఏరడం ఆపి, "ఉంటాదే" అంది. అప్పుడు నాకు ఆ సంభాషణ ఏమీ అర్థం కాలేదు. గెడ అంటే తలుపుకి పెట్టే గెడే అనుకున్నాను.

పక్కింటి సిపాయి మామయ్య సెలవులో వస్తూ, కొండల మీది నుంచి అసలు గొర్రె ఊలు తెచ్చిచ్చాడు, పాలమీగడ రంగుది. మా ఊరు అప్పటిదాకా చూసిందంతా పలాస బజారు ఊలు. దానికీ గొర్రెకీ ముఖపరిచయం కూడా ఉండదు. ఈ కొత్త ఊలు మెత్తగా, కొంచెం గొర్రె వాసనతో ఉండేది. అత్త దానితో వారాల తరబడి స్వెట్టరు అల్లింది. ముందు రెండు జడలు, అంచున జీడిపప్పు ఆకారంలో వంపులు, కొబ్బరి చిప్పతో చేయించిన బొత్తాలు. అది పూర్తయ్యాక ఇంట్లో అందరం చేతులు కడుక్కుని వచ్చి చూశాం.

పెదనాన్న మాత్రం చేతులు కడుక్కోలేదు. ఆయనకి అప్పుడు పంచాయతీ రాజకీయాలు కొత్త. ఇంట్లో కూడా మైకు ఉన్నట్టే మాట్లాడేవాడు. "మనింటి ఆడగుంట ఊరుగాని ఊర్లో, హాస్టల్లో ఉండడమేటి? రేపు నాను నలుగుర్లో తలెత్తుకుని తిరగాలా, ఒద్దా?" అని తువ్వాలు విసిరికొట్టాడు. అది వెళ్లి సాంబారు గిన్నెలో పడింది. ఉపన్యాసం అక్కడితో ముగిసింది.  నానమ్మ ఆ తువ్వాలు తీసి, పిండి, దండెం మీద వేసింది. అవునని కాదు, కాదని కాదు. నానమ్మ మౌనానికి ఇంట్లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకునేవారు. అత్త చెప్పుకున్న అర్థం మంచిది కాదు.

అయినా అత్త వెళ్లే ప్రయత్నం మానలేదు. ఇంటర్వ్యూకి ఇంకో రోజు ఉంది. ఆ పొద్దున అత్త, అమ్మ పలాస వెళ్లారు. నానమ్మ పెట్టె తెరిచి స్వెట్టరు బయటికి తీసింది. కొత్త బట్ట పసుపు పెట్టకుండా గడప దాటకూడదు కదా. చీరకైనా, చొక్కాకైనా, చివరికి పెదనాన్న కొత్త గొడుక్కైనా మా ఇంట్లో మూలలకి పసుపు పెడతారు. నానమ్మ వేలు తడిపి, పసుపులో ముంచి, దేవుడికి దండం పెట్టుకుని, మీగడ రంగు ఊలు మీద బొట్టు పెట్టింది. బట్ట మీద బొట్టు బొట్టులా ఉంటుంది. ఊలు మీద ఉండలేదు. మెల్లగా పాకడం మొదలుపెట్టింది. తుడిస్తే ఇంకా పాకింది. నేను పక్కనే కూర్చుని, "నానమ్మా, అది నడుత్తంది" అన్నాను. సాయం చేద్దామనే అన్నాను.

నానమ్మ ఉతికేద్దాం అనుకుంది. బజారు ఊలు స్వెట్టర్లు ఆవిడ ఎన్నో ఉతికింది. వాటిని బండకేసి బాదినా మహా అయితే సాగేవి. అందుకని ధైర్యంగా గుండిగలో నీళ్లు మరగబెట్టి, చాకలి సోడా వేసి, స్వెట్టర్ని అందులో ముంచింది. పసుపు కాస్తా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం ఆ ఊళ్లో నానమ్మంత బాగా ఎవరికీ రాదు. ఎర్రగా ఎందుకవుతుందో ఆవిడకి తెలియక కాదు. ఒక స్వెట్టరు ఇలా పెళ్లికూతురి పాదంలా ప్రవర్తిస్తుందని ఎవరు ఊహిస్తారు? భయపడి మంట పెంచింది. కర్రతో కలియబెట్టింది. బయటికి తీసి బండ మీద బాదింది, మళ్లీ ఉడకబెట్టింది. ఎరుపు లేత గులాబీకి వచ్చింది. ఈలోగా వాయుగుండం ముసురు మొదలైంది. ఆరబెట్టడానికి ఎండ లేదు. బట్టీలో పప్పు ఆరబెట్టే వేడి గది ఒకటి ఉంటుంది, దాన్ని బోర్మా అంటారు. నానమ్మ స్వెట్టర్ని తీసుకెళ్లి పప్పు ట్రేల మధ్య పరిచి తలుపేసింది.

మధ్యాహ్నం పెదనాన్న తలుపు తీసి కేక పెట్టాడు. పప్పు మాడిందనుకుని అందరం పరిగెత్తాం. "ఓలమ్మో! కొంప ములిగిపోనాది! ఇందులో ఏదో సచ్చిపడుంది!" అని తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. చచ్చింది ఏదో కాదు, స్వెట్టరే. కొలత నా కొలతకి వచ్చేసింది. మందం మాత్రం నాలుగింతలైంది. కింద పెడితే తన కాళ్ల మీద తను నిలబడింది, కాళ్లు లేకపోయినా.

అప్పుడే అత్త పలాస నుంచి వచ్చింది. తడిసిన గొడుగు మూసి, స్వెట్టర్ని చేతిలోకి తీసుకుని రెండు పక్కలా లాగి చూసింది. సాగలేదు. జడల డిజైను మాత్రం పాత గోడ మీద బొమ్మలా ఉబ్బి కనపడుతోంది. "పోన్లే అమ్మా" అంది. ఏడ్చి ఉంటే బాగుండేది. సాయంత్రం వంటింట్లో అమ్మతో, "అమ్మకి నాను ఎల్లడం ఇష్టం లేదు వదినా. నోటితో సెప్పలేక సేత్తో సెప్పింది" అంది. నేను విన్నాను. గోడకి అవతల, దొడ్లో కట్టెలు పేరుస్తున్న నానమ్మ కూడా విన్నట్టుంది, కట్టెల చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారేసరికి నానమ్మ తలకి నూనె రాసుకుని, ఊరెళ్లే చీర కట్టుకుని కూర్చుంది.

"లే. బస్సు ఎల్లిపోతాది" అంది అత్తతో.

"ఎక్కడికి?"

"టెక్కలి."

"ఏటి పట్టుకుని ఎల్లమంటావు?"

"దీన్ని" అని నా వైపు చూపించింది. అప్పటికే నాకు ఆ స్వెట్టరు తొడిగేసింది. చేతులు అందులో దూర్చాక మళ్లీ కిందికి దించడం నా వల్ల కాలేదు. పిట్టల్ని తోలడానికి పొలంలో పెట్టిన దిష్టిబొమ్మలా నిలబడ్డాను. "గుడ్డలాగ పట్టుకెల్తే గుడ్డే అనుకుంటారు. మనిషికి యేసుంటే స్వెట్టరనుకుంటారు" అని నానమ్మ వివరించింది. ఆ తర్కం ఇప్పటికీ నాకు గట్టిగానే కనపడుతుంది.

అత్త రానంది. నానమ్మ, "నువ్వు రాపోతే నానూ ఈ గుంటా ఎల్తాం" అంది. ఆ మాట మీద అత్త లేచి జడ వేసుకుంది, మమ్మల్నిద్దర్నీ టెక్కలి మీదికి వదలడం ఇష్టం లేక. బస్సులో నా రెండు చేతులకీ రెండు సీట్లు కావలసి వచ్చాయి. కండక్టరు వంగి చూసి, "మామ్మా, పాపకేటైనాది? కట్టేసినారా?" అని అడిగాడు.

"కట్టు కాదు నాయినా, స్వెట్టరు. ఫేషను" అంది నానమ్మ.

బడి ఆఫీసులో పెద్ద మేడం చిలకపచ్చ స్వెట్టరు వేసుకుని, పైన ఫ్యాను పూర్తి వేగంతో తిప్పుకుంటూ కూర్చుని ఉన్నారు. పక్కన కమిటీ ఆయన ఒకరు. "ఏదమ్మా, నువ్వు చేసింది?" అన్నాడాయన. నానమ్మ నన్ను ముందుకి తోసింది. ఆయన నా భుజం మీద వేలితో కొట్టి చూశాడు. తలుపు తట్టినట్టు చప్పుడైంది.

"ఇది ఊలా, గోనె సంచా?"

"ఊలే బాబూ. అల్లింది నా కూతురు, ఉడకబెట్టింది నాను" అంది నానమ్మ. పసుపు దగ్గర్నుంచి బోర్మా దాకా మొత్తం చెప్పేసింది, దేన్నీ దాచలేదు, దేన్నీ తగ్గించలేదు. "దాని సేతిలో తప్పు లేదు. తప్పంతా నా గుండిగిలో ఉంది." మేడం నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నారు. కమిటీ ఆయన నవ్వలేదు. "మంచిదమ్మా. మళ్లీ పోస్టు పడ్డప్పుడు మంచిదొకటి అల్లుకుని రండి" అన్నాడు.

బయటికి వచ్చాం. అత్త గేటు వైపు నడిచింది. నానమ్మ వరండాలో చతికిలబడింది. "కాళ్లు లాగుతున్నాయి. బస్సుకి ఇంకా చాలా సేపుంది" అంది. టెక్కలి నుంచి పలాసకి బస్సుల మీద బస్సులు ఉంటాయి. ఆ సంగతి నాకే తెలుసు, నానమ్మకి తెలియదా? అత్త వెనక్కి వచ్చి పక్కన కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి, సంచీలోంచి మిగిలిన ఊలు, సూదులు తీసి అల్లడం మొదలుపెట్టింది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. పిల్లలు మొదట నా కోసం వచ్చారు. చేతులు చాపి నిలబడ్డ మనిషిని చూసి ఏ పిల్లలు ఆగుతారు? తట్టి చూశారు, నవ్వారు, ఒకతె తన పుస్తకాల సంచీ నా చేతికి తగిలించింది కూడా. తరవాత వాళ్ల చూపు అత్త వేళ్ల మీద పడింది. "అక్కా, అదెలగ?" అని ఒక పిల్ల అడిగింది. "ఇలగ కూకో, సెప్తాను" అంది అత్త. "ఎదర రెండు, ఎనక రెండు. లాగకు, ఊపిరి పీల్చుకోనీ దాన్ని." రెండో పిల్ల నాక్కూడా అంది, మూడో పిల్ల ముందే చోటు చేసుకుని కూర్చుంది. సూదులు ఒక జతే ఉన్నాయి. అత్త చుట్టూ చూసి, గోడకి చేరేసి ఉన్న కొబ్బరి చీపురు అందుకుంది. గట్టి ఈనెలు ఏరి, విరిచి, చివర్లు గచ్చు మీద నున్నగా రాసి, తలో జత ఇచ్చింది. కాసేపట్లో వరండా అంతా "ఎదర రెండు, ఎనక రెండు" అని పాడుతోంది. అత్త ఒకదాని వేళ్లు సర్దుతూ, ఇంకోదాన్ని కసురుతూ, వేరేదాన్ని చూసి పగలబడి నవ్వింది. మా ఇంటికి తిరిగొచ్చాక అత్త అలా నవ్వడం నేను అదే మొదటిసారి వినడం. పక్కకి చూస్తే నానమ్మ కూడా కాళ్ల నొప్పి మరిచిపోయి అత్తనే చూస్తోంది.

బెల్లు మళ్లీ కొట్టారు, ఎవరూ లేవలేదు. ఆయా వచ్చి, "నా సీపురు ఎవులు పీకీసినారే!" అని అరిచింది. ఆ గొడవకి పెద్ద మేడం, కమిటీ ఆయన బయటికి వచ్చారు. మేడం గుమ్మంలోనే ఆగి చాలాసేపు చూశారు. కమిటీ ఆయన ఏదో అనబోయాడు గానీ, అప్పటికే ఒక పిల్ల ఆయన చేతిలో ఊలు ఉండ పెట్టి, "జారకుండా పట్టుకోండి సార్" అనేసింది. పాపం, పట్టుకున్నాడు.

"సోమవారం నుంచి వచ్చేయమ్మా" అన్నారు మేడం. "వచ్చేటప్పుడు ఆయాకి ఒక చీపురు కొనిపట్రా."

అత్త ఆ బడిలోనే ఇప్పటికీ పనిచేస్తోంది. ఇంకొన్నాళ్లలో రిటైరవుతుంది. గది నుంచి చిన్న ఇంటికి మారింది, లోపల్నుంచి పెట్టుకునే గెడలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఊలు అల్లేవాళ్లు మా వైపు దాదాపు లేరు. టోపీ ఉన్న స్వెట్టర్లు ఫోనులో నొక్కితే ఇంటికొస్తాయి. నేను కొన్నదానికి మెడ దగ్గర చీటీ ఉంది, వేడినీళ్లు వద్దు, పిండవద్దు, బాదవద్దు అని బొమ్మలతో సహా. అది రాసినవాళ్ల ఇంట్లో కూడా ఒక నానమ్మ ఉండి ఉంటుంది. మూలపేటలో పోర్టు కడుతున్నారు, లారీల దుమ్ము టెక్కలి దాకా వస్తోంది, అత్త దగ్గర చదివిన పిల్లలు కొందరు అక్కడ ఉద్యోగాలకి దరఖాస్తులు పెడుతున్నారు. వాళ్లు అల్లిక ఎప్పుడో మరిచిపోయారు, అత్తని మరిచిపోలేదు. అప్పట్లో ఒక ఆడమనిషి ఇల్లు కదలాలంటే స్వెట్టరు, పసుపు, గుండిగ, చీపురు, నానమ్మ, ఇన్ని కావలసి వచ్చాయి. ఇప్పుడు మా మేనకోడలు ఒక సంచీ తగిలించుకుని, "వెళ్లొస్తా" అంటుంది. వెళ్తుంది, వస్తుంది. ఆ కాలం మంచిదని ఎవరైనా నాతో అంటే, ఫొటోలు బాగా వచ్చేవని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ రోజు సాయంత్రం తిరుగు బస్సులో నేను వాళ్లిద్దరి మధ్యా కూర్చున్నాను.  కోసిన వరి చేలు వెనక్కి పోతున్నాయి. అత్త కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"అమ్మా, నిజం సెప్పు. కావాలని సేసినావేటి?"

నానమ్మ ఆలోచించింది. "కావాలని సేత్తే బోర్మాలో ఎందుకెడతానే? పొయ్యిలో ఎడతాను."

అత్త ముందు నవ్వింది, తరవాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. నానమ్మ ఒక్క చూపుతో ఆయన్ని మళ్లీ ముందుకి తిప్పేసింది. ఇంకాస్త దూరం పోయాక, ఎవరినీ అడగనట్టుగా, "సోమారం ఒక్కర్తివీ ఎల్లగలవా?" అంది.

"ఎల్లగలనమ్మా."

"మరింకేటి, ఎల్లు" అని నానమ్మ అవతలి కిటికీ వైపు తిరిగిపోయింది. పలాస పక్కనున్న కాశీబుగ్గ వచ్చేదాకా మా వైపు ముఖం చూపించలేదు.